ఆంటిగ్వాలో రెండు వారాల స్పానిష్

హ్యూస్టన్‌లో నర్సుగా చేస్తున్నాను. స్పానిష్ మాత్రమే వచ్చిన పేషెంట్లతో మాట్లాడటం కోసమే గ్వాటెమాలాలోని ఆంటిగ్వాలో ఈ కోర్సులో చేరాను. రోజుకు 4 గంటలు, ఒక టీచరుకి ఒకే స్టూడెంటు. మొదటి రోజే ఇంగ్లిష్ బంద్! తల దిమ్మెక్కింది. 'మే గుస్తా ఎల్ కఫే' దగ్గర మాత్రం ప్రాణం లేచొచ్చింది. అచ్చం మన 'నాకు కాఫీ ఇష్టం' లాగే, 'నేను' ఊసే లేదు. 'పెర్రో' అంటే కుక్క, 'పెరో' అంటే 'కానీ'. బండి ఱ పలకలేక మూడు రోజులు కుక్కని 'కానీ' అనే పిలిచాను.

బస ఇచ్చిన ఇంటి సెన్యోరా నల్ల బీన్సు, వేడి తోర్తియాలు (మొక్కజొన్న రొట్టెలు) వడ్డిస్తూనే నా తప్పులు సరిదిద్దేది. అసలు క్లాసు అదే. రెండో వారం చెప్పాపెట్టకుండా టీచర్ని మార్చేశారు, మళ్లీ మొదటి పాఠమే. డబ్బులిచ్చి ఇదేం ఖర్మ అనిపించింది. వెళ్లేవాళ్లు ఆవకాయ పట్టుకెళ్లండి, ఆ బీన్సులోకి భలే ఉంటుంది.