చల్లటి నీళ్లకు నెల కార్డు: అనంతపురం నుంచి గండికోట దాకా

చల్లటి మంచినీళ్లకు నెలనెలా డబ్బు కట్టడం అనంతపురంలో ఉండేవాళ్లకు గిట్టుబాటే. చూసిపోయేవాళ్లకు మాత్రం దండగ. మేము వెళ్లింది మే నెలలో. రాయలసీమ ఎండల సంగతి తెలియక కాదు, పిల్లల సెలవులు అప్పుడే కదా!

అక్కడ జేఎన్‌టీయూలో చదివే మా మేనల్లుడు గది దగ్గరి వాటర్ ప్లాంటులో నెలకు 99 రూపాయల కార్డు తీసుకున్నాడు. రోజుకు రెండు లీటర్ల చల్లటి నీళ్లు పట్టుకోవచ్చు. కార్డు లేకపోతే లీటరు 5 రూపాయలు. పది రోజులు పట్టుకుంటే అతని డబ్బు అతనికి వచ్చేసినట్టే. లాడ్జిలో రెండు రాత్రులు ఉండి పోయే మాకు చిల్లర ఇచ్చి సీసా నింపుకోవడమే నయమనిపించింది.

చల్లదనాన్ని నమ్ముకోవడానికి లేదు. పొద్దున పళ్లు జివ్వుమన్నాయి. మధ్యాహ్నం ఆటోవాళ్లు, కాలేజీ పిల్లలు వరుసగా పట్టుకున్నాక అదే కుళాయిలో గోరువెచ్చటి నీళ్లు వచ్చాయి. చల్లబరిచే ట్యాంకు చిన్నది, ఖాళీ అయితే మళ్లీ చల్లబడటానికి చాలాసేపు పడుతుంది. మధ్యలో కరెంటు పోయిందా, ఇక అంతే. “అయిదింటికి రండి అన్నా” అన్నాడు ప్లాంటు కుర్రాడు. దాహం అయిదింటిదాకా ఆగుతుందా?

అయినా మావాడిని కార్డు మానుకోమనలేదు. ఈ జిల్లాలో చాలాచోట్ల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదు. నీళ్లు మరిగించినా అది పోదు, ప్లాంటులో నీళ్లను శుద్ధి చేసే ఆర్వో యంత్రంలో చాలావరకు పోతుంది. అతను కట్టే డబ్బుకు అసలు ఫలితం అదీ. చల్లదనమే కావాలంటే వేసవిలో కూడళ్లలో చలివేంద్రాలు ఉంటాయి. తడి గోనెపట్టా చుట్టిన కుండలో నీళ్లు హాయిగా ఉంటాయి, పైసా అడగరు. ఆ నీళ్లు ఎక్కడివో మాత్రం కనుక్కుని తాగండి.

ఊరు దాటితే కార్డు ఎందుకూ పనికిరాదు. తాడిపత్రి మీదుగా బెలుం గుహలకు వెళ్లాం. లోపల పాతాళగంగ దాకా, అంటే 46 మీటర్ల లోతుకు దిగేసరికి ఉక్కకు చొక్కాలు ఒంటికి అతుక్కుపోయాయి. గండికోటలో పెన్నా లోయ అంచున నిలబడితే తల దాచుకోవడానికి చెట్టు నీడైనా లేదు. అక్కడ గుడారంలో పడుకోవాలని ఉంటే మే మానేసి డిసెంబరులో వెళ్లండి.

మమ్మల్ని కాచింది కారులో పెట్టుకున్న కూల్ క్యాను. అనంతపురంలోనే 20 లీటర్లు 40 రూపాయలకు నింపించాం. రాత్రికి కూడా నీళ్లు చల్లగానే ఉన్నాయి. నలుగురు ఉన్న కుటుంబానికి 20 రూపాయల సీసాలు కొనుక్కుంటూ పోవడంతో పోలిస్తే ఇది ఎంతో చవక. క్యానుకు 300 అడ్వాన్సు కట్టాలి, తిరిగి ఇస్తే వాపసు చేస్తారు. రసీదు మాత్రం అడిగి మరీ తీసుకోండి, వాళ్లంతట వాళ్లు ఇవ్వరు.