పాత జిప్సీ లేపాలంటే షాకిళ్లా, కమాన్లా: ఏది మేలు?

వానలు పడితే చాలు, పాత మారుతి జిప్సీ ఉన్నవాళ్లు ఒకటే అడుగుతారు: "అన్నా, బండి 2 అంగుళాలు లేపాలె. షాకిళ్లు మార్చాల్నా, కమాన్లా?" కమాన్లంటే బండి బరువును మోసే వంపు ఇనుప పట్టీల దొంతరలు, షాకిళ్లంటే కమాన్ కొసను ఛాసిస్‌కు తగిలించే ఊగే లంకెలు. పరకాల వైపు నల్లరేగడి బాటల్లో తిరిగేవాళ్లకు ఆ అవసరం నిజంగానే ఉంది. ఈ మధ్యే నా బండికి చేయించాను కాబట్టి చెబుతున్నా.

పొడుగు షాకిళ్లు చవక, పూటలో పనైపోతుంది. కానీ షాకిల్ 2 అంగుళాలు పెంచితే అక్కడ బండి లేచేది సుమారు 1 అంగుళమే. పైగా జిప్సీకి ముందు కమాన్ షాకిల్ ముందు కొసన ఉంటుంది. అది పొడుగైతే హౌసింగ్ (ఇరుసు గొట్టం) కొద్దిగా తిరిగి క్యాస్టర్, అంటే చక్రం పక్కలకు తిరిగే కీలు వెనక్కి వాలిన కోణం, తగ్గుతుంది. హైవే మీద స్పీడ్ పెరిగితే స్టీరింగ్ నిలకడగా ఉండదు.

అన్నిటికంటే నన్ను ఆపింది పాత కమాన్ల పరిస్థితి. విప్పి కింద పెట్టి వైర్ బ్రష్‌తో తుప్పు గీకితే, రెండో పట్టీకి సెంటర్ బోల్ట్ రంధ్రం పక్కన వెంట్రుకంత పగులు కనిపించింది. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు. విప్పి చూడకపోతే వాటికే షాకిళ్లు తగిలించి ఏటూరునాగారం అడవి దారుల్లో తిరిగేవాణ్ని! కొట్టించి వంపు తెప్పిస్తే సరిపోతుందంటారు గానీ, అలిసిపోయిన ఇనుము కొన్నాళ్లకు మళ్లీ కూలబడుతుంది. ఎక్కువ వంపున్న కొత్త సెట్‌కు ఖర్చు ఎక్కువే, మొదట్లో గట్టిగా కుదుపుతుంది కూడా. అయినా నా ఓటు దానికే. బండి బాగా కుంగి ఉంటే కంపెనీ కొలత కమాన్లు కొత్తవి వేసినా కొంత ఎత్తు తిరిగొస్తుంది.

ఎత్తు కోసం కమాన్‌కు, హౌసింగ్‌కు మధ్య పెట్టే దిమ్మెల మాట జిప్సీకి కుదరదు. కమాన్ హౌసింగ్ కింద ఉంటుంది కాబట్టి మధ్యలో దిమ్మె పెడితే బండి లేవదు, దిగుతుంది. కమాన్‌ను హౌసింగ్ మీదికి మార్చడం రోజూ తిరిగే బండికి అక్కర్లేదు.

ఎలా లేపినా డిఫరెన్షియల్ (ఇరుసు మీదుండే గేర్ల గుండు) మాత్రం నేలకు ఎంత ఎత్తులో ఉందో అంతే ఉంటుంది, అది లేవాలంటే పెద్ద టైర్లే కావాలి.

పని అయ్యాక ఛాసిస్ కింద స్టాండ్లు పెట్టి, చక్రాలు వేలాడుతుండగా స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పి బ్రేక్ హోజ్‌లు (బ్రేక్ ఆయిల్ గొట్టాలు) చూడండి. నా బండికి ఎడమ హోజ్ తాడులా బిగుసుకుపోయింది. పొడుగుది వేసేదాకా బండి కదిలించలేదు. షాకబ్జర్లు చివరిదాకా సాగి పట్టేస్తుంటే అవీ మార్చాల్సిందే. కమాన్‌ను హౌసింగ్‌కు బిగించే పాత యూ బోల్టులు మళ్లీ వాడొద్దు. కొత్తవి కూడా 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ బిగించాలి. నావి అప్పుడు ఒక్కో నట్టు పావు చుట్టు తిరిగింది.