కాళేశ్వరం ఒడ్డున 'సముద్ర శిలాజాల వేట': డబ్బు కట్టే ముందు ఇది చదవండి

కాళేశ్వరం దగ్గర గోదావరి ఒడ్డున సముద్ర శిలాజాలు వెతికిస్తాం, దొరికింది మీదే అని ఒక ప్రకటన హనుమకొండ, కరీంనగర్, మంచిర్యాల వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. మనిషికి 1500 రూపాయలు. మా అక్క పిల్లలను తీసుకుని వెళ్లొచ్చాను. మీరు మాత్రం కట్టకండి. నడిపేవాళ్ల పేరు రాయడం లేదు. రేపు పేరు మార్చుకుంటారు, పద్ధతి మాత్రం ఇదే ఉంటుంది.

గైడ్ ముందు నడుస్తాడు. ఒకచోట ఆగి "ఇక్కడ చూడుండ్రి" అంటాడు. రెండడుగుల దూరంలో చుట్టలు తిరిగిన నల్లరాయి, అమ్మోనైట్ (ఎప్పుడో అంతరించిన సముద్రజీవి గవ్వ శిలాజం)! పిల్లలు ఎగిరి గంతేశారు. "మీ నసీబ్ మంచిగున్నది సార్, అందరికి దొరకదు." అది పడి ఉన్నది తెల్లటి గోదారి ఇసుకలో, దాని చుట్టల సందుల్లో ఇరుక్కున్నది మాత్రం ఎర్రమట్టి. ఒడ్డు పొడుగునా ఎర్రమట్టి ఎక్కడా కనబడలేదు.

అసలు బేరం ఆ తర్వాత, రేకుల షెడ్డులో. 'ఇదే ఒడ్డున దొరికిన' ట్రైలోబైట్ (పురుగులాంటి పాతకాలపు సముద్రజీవి శిలాజం), 'గోదావరి సాలగ్రామం' రెండూ కలిపి 6000 తీసుకున్నారు. ఇంటికొచ్చి సబ్బునీళ్లలో వేస్తే నీళ్లు నల్లబడ్డాయి, షూ పాలిష్ వాసన. భూతద్దంలో చూస్తే ట్రైలోబైట్ నిండా సూదిమొనంత గాలిబుడగల గుంటలు. మాతో వచ్చిన పెద్దపల్లి ఆయన కొన్నదాని ఫొటో తెప్పించుకున్నా. రెండింటికీ ఎడమవైపు పక్కటెముకలా కనిపించే మూడో మడత ఒకేచోట విరిగింది. ఒకే అచ్చులో పోసినవి.

ఇక రాళ్ల సంగతి. ప్రాణహిత, గోదావరి లోయలోని గోండ్వానా అని పిలిచే పాత రాళ్లు ఎక్కువగా నదులు, చెరువులు, అడవులు వదిలిపోయిన పొరలు. సింగరేణి బొగ్గు ఆ అడవిదే. అందుకే ఇక్కడ రాయిగా మారిన చెట్ల మానులు, ఆకుల అచ్చులు, చేపలు, డైనోసార్ ఎముకలు దొరికాయి. ఏరు దాటితే సిరోంచ ప్రాంతం, బరపాసారస్ అనే డైనోసార్ బయటపడింది అక్కడే. ఇటు పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లిలో దొరికిన కోటాసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టి ఉంది. ఆ 1500తో పిల్లలకు అది చూపించినా బాగుండేది.

సముద్రం జాడ మన వైపు అసలే లేదని కాదు. నర్సంపేట దగ్గరి పాఖాల చెరువు పేరుతో పిలిచే పాఖాల రాళ్లలో స్ట్రొమటోలైట్లు ఉన్నాయి. కానీ అవి గవ్వలూ నత్తలూ పుట్టకముందు సూక్ష్మజీవులు పొరలు పొరలుగా కట్టినవి. గోదావరి వెంట సముద్రపు గవ్వల శిలాజాలే కావాలంటే చాలా కిందికి, రాజమండ్రి వైపు కాతేరు, దుద్దుకూరు రాళ్ల దాకా పోవాలి. అసలైన సాలగ్రామాలు నేపాల్‌లోని గండకి నదివి, వాటిలో చాలావరకు అమ్మోనైట్లే. బజార్లో తిరిగే ట్రైలోబైట్లు ఎక్కువగా మొరాకో సరుకు, వాటిలోనూ రెసిన్‌తో (ప్లాస్టిక్ లాంటి జిగురు) అతికినవి, మొత్తంగా పోత పోసినవి బోలెడు. కాబట్టి కాళేశ్వరం ఇసుకలో అమ్మోనైట్ కనబడిందంటే ఎవరో జేబులో తెచ్చి పడేసిందే. మాకు 'దొరికిన' ఆ చిన్నది మాత్రం అసలుదే అనిపిస్తోంది. అలాంటివి ఆన్‌లైన్‌లో కొన్ని వందలకే వస్తాయి, ఎరగా వేసినా వాళ్లకు గిట్టుబాటే.

ఇప్పటికే కొన్నవాళ్లు సూదిని ఎర్రగా కాల్చి అడుగువైపు ఒక మూల గుచ్చి చూడండి. ప్లాస్టిక్ కాలిన వాసన వస్తే రెసిన్. సూది దిగనంత మాత్రాన అసలుదని కాదు, నల్లరాయి మీద గ్రైండర్‌తో చెక్కినవీ ఉన్నాయి. చుట్టల సందుల్లో సమానంగా గీరిన గీతలు కనిపిస్తే చెక్కుడు పనే.

డబ్బు వాపసు అడిగితే "నదిల దొరికినదానికి గ్యారంటీ యాడిది సార్" అన్నాడు. షెడ్డులో అమ్మిన వాటి సంగతేంటంటే ఫోన్ పెట్టేశాడు. బిల్లు అడిగినా ఇవ్వలేదు, యూపీఐ కూడా ఎవరిదో సొంత నంబరుకి. ఆ స్క్రీన్‌షాట్, ప్రకటన ఫొటో, వాట్సాప్ మాటలు చెరిపేయకండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నేను ఫిర్యాదు పెట్టాను. ఇదే షెడ్డులో కొన్నవాళ్లు ఉంటే మీ వస్తువు ఫొటో రెండువైపులా తీసి కింద పెట్టండి, ఆ విరిగిన మడత ఇంకెన్నింటికి ఉందో చూద్దాం.