సగం కట్టిన ఆర్వీ-7ఏ కిట్టు: పదకొండేళ్ల తర్వాత నా మాట

2014లో టెక్సాస్‌లో, డాలస్‌కు దగ్గర్లో, ఒక పెద్దాయన గ్యారేజీలో ఆగిపోయిన వ్యాన్స్ కంపెనీ ఆర్వీ-7ఏ కిట్టు కొన్నాను. ఇది విడిభాగాలు తెచ్చుకుని ఇంట్లోనే కట్టుకునే, ఇద్దరు కూర్చునే చిన్న విమానం. చూపు మందగించి ఆయన పని మానేశారు. తోక పూర్తయింది. ఎడమ రెక్కకు రేకులు బిగించి మూసేశారు. కుడి రెక్క ఇంకా ఎముకల గూడులా స్టాండు మీదే ఉంది. ఫ్యూజలేజ్ (మనుషులు కూర్చునే మధ్య భాగం) పెట్టెలు విప్పనే లేదు. కిట్టు అసలు ధరలో దాదాపు అరవై శాతానికి బేరం కుదిరింది. మిగతాది పూర్తిచేయడానికి నాలుగేళ్లు పట్టింది. 2018లో తొలిసారి ఎగిరింది, ఇప్పటికి 640 గంటలు తిరిగింది.

బేరమాడేటప్పుడు మూసేసిన ఎడమ రెక్కకు ఎక్కువ, తెరిచి ఉన్న కుడి రెక్కకు తక్కువ విలువ కట్టాను. ఆ లెక్క తలకిందులు. కుడి రెక్కలో ప్రతి రివెట్టూ కంటికి కనిపించింది. ఎడమ రెక్కలో ఏముందో తనిఖీ రంధ్రంలోంచి టార్చి వేసి, చిన్న అద్దం తిప్పుకుంటూ చూడాల్సి వచ్చింది.

రివెట్టు తల బయట నున్నగా ఉంటే సరిపోదు. లోపల చితికిన చివరే అసలు సంగతి చెబుతుంది. 2.4 మి.మీ. రివెట్టుకు ఆ చివర సుమారు 3.6 మి.మీ. వెడల్పు, 1.2 మి.మీ. ఎత్తు ఉండాలి. ఎడమ రెక్కలో ఒక రిబ్బు (రెక్కకు ఆకారమిచ్చే లోపలి పక్కటెముక) పొడవునా అవి పక్కకు వాలిపోయి ఉన్నాయి. నలభై ఒక్కటి తీశాను. తల మధ్యలో డ్రిల్లు సరిగ్గా నిలబెట్టి, తల లోతు వరకే దించి, పంచ్‌తో తలను విరిచి, కాడను వెనక్కి తోసేయాలి. డ్రిల్లు వెంట్రుకవాసి పక్కకు జరిగినా రంధ్రం సాగిపోతుంది, అప్పుడు ఇంకో సైజు పెద్ద రివెట్టు వాడాలి. కొత్తవి కొట్టేటప్పుడు మా ఆవిడ రెక్కలోకి చేయి దూర్చి వెనక ఇనుప దిమ్మ పట్టుకుంది. ఆమె లేకపోతే ఆ రెక్క లేదు.

ఆ రెక్కలోని ఇంధన ట్యాంకు ఇంకా విసిగించింది. గొట్టానికి బెలూను కట్టి, కాస్త గాలి నింపి రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి వాడిపోయింది. సబ్బునీళ్లు పూస్తే వెనక గోడ అంచున సన్నని బుడగల వరుస లేచింది. గోడకు రంధ్రం కోసి, పాత సీలెంటు గీకి, మళ్లీ పూయడానికి మూడు వారాలు పట్టింది.

తోకకు వేరే పని పడింది. ఆర్వీ-7తో సహా కొన్ని మోడళ్లలో అడ్డతోక ముందు స్పారుకు (లోపలి ప్రధాన దూలానికి) పగుళ్లు రావచ్చని, నేను కొన్న 2014 జనవరిలోనే సర్వీసు బులెటిన్ (కంపెనీ ఇచ్చే హెచ్చరిక నోటీసు) వచ్చింది. తోక మూసేసి ఉంది కాబట్టి రేకు విప్పి బలపట్టీలు వేశాను. కొనే ముందే ఆ మోడల్ బులెటిన్లన్నీ చదవండి. 2022, 2023లలో వచ్చిన లేజర్ కోత భాగాల్లో కొన్నింటికి డింపుల్ (రివెట్టు తల ఇమిడే గుంట) వేసేటప్పుడు పగుళ్లు వచ్చాయని కంపెనీయే చెప్పింది. ఆ కాలపు పెట్టెలైతే భాగాల నంబర్లు సరిచూడాలి.

కాగితాల విషయంలో మాత్రం నేను అదృష్టవంతుణ్ణి. విమానంలో సగానికి మించిన పని, నేర్చుకోవడానికో సరదాకో కట్టే ఔత్సాహికులే చేసి ఉండాలన్నది అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ నియమం. ముందు యజమాని సొంతంగా చేసినదీ అందులో కలుస్తుంది, డబ్బిచ్చి చేయించినది కలవదు. పెద్దాయన పెన్సిలుతో తేదీ, గంటలు, చేసిన పని రాసుకున్న నోటుపుస్తకం, ఫొటోలు, కంపెనీ ఇచ్చిన అసలు బిల్లు అన్నీ నా చేతిలో పెట్టారు. ఇన్‌స్పెక్టరు ఆ పుస్తకం మొదటి పేజీ నుంచి చివరిదాకా తిరగేశాడు. రిపేర్‌మ్యాన్ సర్టిఫికెట్టు నాకే వచ్చింది, అందుకే ఏటా తనిఖీ నేనే చేసుకుంటున్నాను.

కిట్టుతో పాటు తొమ్మిదేళ్లు కదలని లైకమింగ్ ఓ-360 ఇంజను కూడా ఇస్తామన్నారు. వద్దన్నాను. దాంట్లో వాల్వులను కదిలించే ఇరుసు, క్యామ్‌షాఫ్ట్, పైన ఉంటుంది, ఇంజను తిరగకపోతే నూనె కిందికి జారి అక్కడే తుప్పు మొదలవుతుంది. అదే మోడల్ వేరేచోట కొన్నాను.

ఎగరడం గురించి రెండు మాటలు చాలు. ఆస్టిన్‌కు గంటకు కాస్త పైన పడుతుంది, నడిపే కర్ర ముట్టుకుంటే చాలు మాట వింటుంది. ఎడమ ట్యాంకు అంచున, ఇంధనం కారితే పడే నీలం మరక కోసం ఈనాటికీ ప్రతిసారీ వేలితో తడిమి చూస్తాను. ఇంతవరకు కనబడలేదు.

పోయిన నెల ఒక తెలుగు మిత్రుడు రెండు కిట్ల ఫొటోలు పంపాడు. ఒకదాని రెక్కలు రెండూ మూసేసి రంగు కూడా వేశారు, పని రాసిన పుస్తకం లేదు. అది వదిలేయమన్నాను. రెండోది తోక ఒక్కటే పూర్తయినది, లోపలి ఫొటోలు పెట్టెడు ఉన్నాయి. శనివారం దాన్ని చూడటానికి ఇద్దరం వెళ్తున్నాం. రివెట్టు గేజీ, అద్దం, టార్చి సంచిలో పెట్టేశాను.