బల్ల మీది చేతులు, బల్ల కింది అకార్డియన్

1848లో న్యూయార్క్ రాష్ట్రంలోని హైడ్స్‌విల్‌లో, ఫాక్స్ అక్కాచెల్లెళ్ల ఇంట వినిపించిన టకటక శబ్దాలతో మొదలైన ఆత్మవాదం (చనిపోయినవారి ఆత్మలు బతికున్నవారితో మాట్లాడతాయనే నమ్మకం), నాలుగైదేళ్లలోనే లండన్‌కు పాకి పెద్దమనుషుల చేత బల్లలు తిప్పించింది; చుట్టూ కూర్చుని చేతులు ఆన్చితే ఆత్మలే బల్లను కదుపుతాయని వారి నమ్మకం. దాన్ని పరీక్షించిన పేరున్న శాస్త్రవేత్తల్లో ఇద్దరి దారులు పూర్తిగా వేరు.

1853లో మైఖేల్ ఫారడే బల్ల మీద ఆన్చిన చేతులనే పరీక్షించాడు. రెండు పలకల నడుమ గాజు కడ్డీలు దొర్లేలా ఉంచి, రబ్బరు పట్టీలతో బిగించి, పై పలక ఏమాత్రం జరిగినా తెలిసేలా ఒక గడ్డిపరకను ముల్లుగా అమర్చాడు. బల్ల కన్నా ముందు, చేతులు ఆన్చిన పై పలకే జరిగింది; అంటే తోస్తున్నామని తెలియకుండానే చేతులు తోస్తున్నాయి. ముల్లు కూర్చున్నవారి కంటపడేలా పెట్టగానే బల్ల కదలడం మానేసింది!

1871లో విలియం క్రూక్స్ మాత్రం ఆత్మలతో సంబంధం ఉందని చెప్పుకునే డేనియల్ హోమ్ అనే ఒక్క మాధ్యముడి మీదే ఆధారపడ్డాడు. భోజనాల బల్ల కింద తీగ చుట్టిన పంజరంలో అకార్డియన్ (తిత్తి నొక్కుతూ వాయించే వాద్యం) ఉంచి, హోమ్ ఒంటిచేత్తో దాని ఒక కొస పట్టుకోగా అది పలికిందని రాశాడు. గడ్డిపరకను ఎవరింట్లోనైనా అమర్చుకోవచ్చు, హోమ్‌ను అమర్చుకోలేం కనుక, నా దృష్టిలో ఫారడే పరీక్షదే పైచేయి. అయినా థాలియం మూలకాన్ని కనిపెట్టినవాడి సాక్ష్యమంటూ ఆత్మవాదులు నెత్తిన పెట్టుకున్నది క్రూక్స్ రాతలనే.