తెలియని పదం అడ్డొస్తే: దాటెయ్యాలా, ఊహించాలా, విడగొట్టాలా?

విదేశాల్లో చదువులకు రాసే ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌లో, అకడమిక్ రీడింగ్ భాగానికి 3 పాసేజీలు, 40 ప్రశ్నలు, 60 నిమిషాలు. ప్రశ్నకు నిమిషంన్నర. డిక్షనరీ చూడనివ్వరు. ఒక్క పదం దగ్గర రెండు నిమిషాలు తచ్చాడితే చివరి పాసేజీకి సమయం చాలదు.

చాలా పదాలను దాటెయ్యడమే మేలు. మొక్కలు, ఖనిజాలు, రసాయనాల పేర్లకు అర్థం అక్కర్లేదు, ఎక్కడున్నాయో గుర్తుంటే చాలు. ఖాళీలు నింపే ప్రశ్నల్లో ఒక్కోసారి ఆ తెలియని పదమే జవాబు. ఖాళీలో నామవాచకం పడుతుందా, క్రియ పడుతుందా చూసుకుని, పాసేజీలో ఉన్నదున్నట్టు దించాలి. స్పెల్లింగ్ తప్పితే మార్కు పోతుంది.

ఇచ్చిన మాట పాసేజీ ప్రకారం నిజమా (ట్రూ), తప్పా (ఫాల్స్), పాసేజీలో చెప్పనే లేదా (నాట్ గివెన్) అని అడిగే ప్రశ్నల్లో మాత్రం దాటేస్తే మునుగుతారు. సెల్డమ్ (అరుదుగా), స్కేర్స్‌లీ (దాదాపు లేనట్టే), నెగ్లిజిబుల్ (లెక్కలోకి రానంత తక్కువ) లాంటి మాటలు చూడ్డానికి చిన్నవే, కానీ జవాబును తలకిందులు చేస్తాయి. వీటిని ముందే నేర్చుకోవాలి. వేల పదాల జాబితాలు బట్టీపట్టే కన్నా ఈ కొద్దిపాటి మాటల మీద పెట్టిన శ్రమే ఎక్కువ పనికొస్తుంది.

ప్రశ్న ఆ పదం మీదే ఆధారపడితే సందర్భాన్ని బట్టి ఊహించాలి. 'అన్‌లైక్ హిజ్ గ్యారులస్ బ్రదర్, రవి సెల్డమ్ స్పోక్' అన్న వాక్యం చూడండి. రవి అరుదుగా మాట్లాడతాడు, అన్‌లైక్ అంటే అందుకు భిన్నం, కాబట్టి గ్యారులస్ అంటే వాగుడుకాయ. హవెవర్, సచ్ యాజ్, కామాల మధ్య ఇచ్చే వివరణ కూడా ఇలాంటి ఆనవాళ్లే. ముందు వాక్యం, వెనక వాక్యం చదివి, ఆ చోట ఒక తేలిక మాట పెట్టి చూడండి. కచ్చితమైన అర్థం దొరక్కపోయినా మంచికా చెడుకా, పెరిగిందా తగ్గిందా తేలితే చాలాసార్లు సరిపోతుంది. ప్రమాదమల్లా మనకు ముందే తెలిసిన విషయాన్ని పాసేజీ చెప్పిందనుకోవడం. నాట్ గివెన్ కావాల్సింది ట్రూ అయ్యేది అక్కడే.

పదాన్ని విడగొట్టడం చూడ్డానికి తెలివైన దారి. సబ్‌టెరేనియన్‌లో సబ్ అంటే కింద, టెర్రా అంటే నేల, కాబట్టి భూగర్భంలోది. కానీ ఇన్‌వాల్యుబుల్ అంటే విలువ లేనిది కాదు, వెలకట్టలేనంత విలువైనది. ఇన్‌ఫ్లేమబుల్ అంటే తేలిగ్గా అంటుకునేది. అందుకే ఊహించిన అర్థాన్ని సరిచూసుకోవడానికే దీన్ని వాడాలి, దీని ఒక్కదాని మీద జవాబు పెట్టకూడదు.

ఏదీ తేలకపోతే? ఐఈఎల్‌టీఎస్‌లో తప్పుకు మార్కు కోయరు కనుక ఖాళీ వదలొద్దు. బ్యాంకు ఆఫీసర్ ఉద్యోగాలకు పెట్టే ఐబీపీఎస్ పీవో ప్రిలిమ్స్‌లో తప్పు జవాబుకు, ఆ ప్రశ్నకున్న మార్కుల్లో నాలుగో వంతు పోతుంది. అక్కడ కనీసం రెండు ఆప్షన్లను కొట్టెయ్యగలిగితేనే జవాబు పెట్టండి.