30ఎస్ రైబోజోమ్ కిట్: ప్రోటీన్ల వరకూ భేష్, సహాయకుల దగ్గరే తేడా

విజయవాడ ఏలూరు రోడ్డులో ల్యాబ్ సామాన్లు అమ్మే ఒక షాపులో ఈ.కోలై బ్యాక్టీరియాలో ప్రోటీన్లు తయారుచేసే రైబోజోమ్ చిన్న భాగాన్ని (30ఎస్) విప్పి బిగించే కిట్ దొరుకుతోంది. అట్ట మీద ధర 2,400, అడిగితే 2,200కి ఇస్తున్నారు. ఇంటర్ బైపీసీ పిల్లల కోసమైతే దండగ. నీట్‌కి రైబోజోమ్ మొత్తం 70ఎస్, పెద్ద భాగం 50ఎస్, చిన్నది 30ఎస్ అని తెలిస్తే గడిచిపోతుంది. డిగ్రీ, ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ చెప్పేవాళ్లకి మాత్రం పనికొస్తుంది, చిన్న చిన్న సవరణలు చేసుకుంటే.

30ఎస్‌కి వెన్నెముకలాంటి 16ఎస్ ఆర్ఎన్ఏ కోసం లోపల తీగ ఉన్న సిలికాన్ గొట్టం ఇచ్చారు. న్యూక్లియోటైడ్‌కి ఒక మిల్లీమీటరు లెక్కన 1,542 మిల్లీమీటర్లు. టేపు పెట్టి కొలిస్తే సరిపోయింది. ఎస్2 నుంచి ఎస్21 దాకా అయస్కాంతాలతో అతుక్కునే 20 ప్రోటీన్ ముక్కలు. ఎస్1 లేదేమని షాపువాళ్లతో తగాదా పడక్కర్లేదు. అది వదులుగా అతుక్కునే ప్రోటీన్, అది లేకపోయినా 30ఎస్ ఆకారం వచ్చేస్తుంది.

గొట్టాన్ని గుర్తుల ప్రకారం మడిచాక ముందు పెట్టాల్సినవి ఆర్ఎన్ఏని నేరుగా పట్టుకునే ఆరు: ఎస్4, ఎస్7, ఎస్8, ఎస్15, ఎస్17, ఎస్20. ఎస్4తో కింది మొండెం, ఎస్7తో తల మొదలవుతాయి. కిట్ పనితనం తెలిసేది ఎస్15 దగ్గర. మూడు కొమ్మలు కలిసే చోట దాన్ని నొక్కగానే టక్కుమని కొమ్మలు పక్కకి తిరిగి, అంతవరకూ కనపడని గాడి ఒకటి తెరుచుకుంటుంది. ఎస్6, ఎస్18 అందులోకి వెళ్లాలి, అదీ రెండూ జతకట్టాకే. విడివిడిగా పెడితే జారిపోతాయి. కణంలోనూ అంతే: ఎస్15 కూర్చుంటే ఆర్ఎన్ఏ మడత మారుతుంది, ఆ మడతే తర్వాతి జంటకి చోటిస్తుంది. బోర్డు మీద గంటసేపు గీసినా ఎక్కని విషయం ఇక్కడ ఒక్క నొక్కుతో ఎక్కుతుంది.

కానీ పెట్టెలోని బుక్‌లెట్‌ని నమ్మొద్దు. ముక్కల్ని నంబర్ల వరసలో పెట్టమని రాశారు. ఆ నంబర్లు ప్రోటీన్లని విడదీసే జెల్ మీద చుక్కలు పడ్డ స్థానాన్ని బట్టి వచ్చినవి, అతుక్కునే వరసకీ వాటికీ సంబంధం లేదు. ఎస్2, ఎస్3 నిజానికి చివర్లో చేరేవి. ముందే పెట్టబోతే గాడి ఉండదు, బలవంతంగా నొక్కితే అయస్కాంతం ఊడి చేతికొస్తుంది. మొదటి ఆరింటికీ మార్కర్‌తో ఎర్ర చుక్క పెట్టుకోండి, ఎస్2, ఎస్3, ఎస్10, ఎస్14, ఎస్21కి నల్లది. మిగిలినవి మధ్యలో.

వేడి సంగతి కిట్‌లో అసలు లేదు. 1968లో నోమురా అనే శాస్త్రవేత్త బృందం పరీక్షనాళికలో 30ఎస్‌ని మళ్లీ కట్టినప్పుడు 40 డిగ్రీల దగ్గర పెట్టాల్సొచ్చింది. చల్లగా ఉంచితే పని సగంలో, 21ఎస్ అనే అసంపూర్తి ముద్ద దగ్గర ఆగిపోతుంది. తమాషా ఏంటంటే కిట్‌కి ఆ 40 డిగ్రీలే పడవు. బెజవాడ మే నెలలో అయస్కాంతాల జిగురు మెత్తబడుతుంది, బీరువా పైన పెట్టకండి.

అసలు లోపం సహాయకుల్లో, అంటే 30ఎస్‌ని కట్టడంలో సాయపడి వెళ్లిపోయే ప్రోటీన్లలో ఉంది. నాళికలో ఇరవై నిమిషాల దాకా పట్టే పని కణంలో రెండు నిమిషాల్లో అయ్యేది వీటి పుణ్యమే. కిట్‌లో నాలుగిచ్చారు: రిమ్ఎం, ఆర్‌బీఎఫ్‌ఏ, ఎరా, ఆర్‌ఎస్‌జీఏ. రిమ్ఎం ఎస్19ని పట్టుకుని తల భాగం సర్దుకోవడానికి సాయపడుతుంది. ఆర్‌బీఎఫ్‌ఏని జీటీపీ అనే శక్తినిచ్చే అణువు సాయంతో బయటికి పంపేది ఆర్‌ఎస్‌జీఏ. పనయ్యాక ఇవన్నీ వెళ్లిపోవాలి. కిట్‌లో వీటి అయస్కాంతాలు కూడా ప్రోటీన్లంత గట్టివే కావడంతో పిల్లలు ఆర్‌బీఎఫ్‌ఏని లోపలే వదిలేసి అయిపోయిందంటారు. అది ఇంకా పనికి సిద్ధం కాని 30ఎస్. ఆ నాలుగింటి అయస్కాంతాలు పీకేసి, ఫ్రిజ్ స్టిక్కర్ వెనకుండే పల్చటి షీటు ముక్క అంటిస్తే వేలితో తోస్తే ఊడేంత పట్టు మిగులుతుంది.

కేఎస్‌జీఏ అనే ఎంజైమ్‌ని ఇవ్వకపోవడం మాత్రం బాగాలేదు. 16ఎస్ ఆర్ఎన్ఏలో 1518, 1519 స్థానాల అడినైన్ల మీద మిథైల్ గుంపులు పెట్టేది అదే. అది పోయిన బ్యాక్టీరియా కాసుగామైసిన్ అనే యాంటీబయాటిక్‌కి లొంగదు. వరి అగ్గితెగులుకి కొట్టే మందుల్లో కాసుగామైసిన్ ఒకటి కాబట్టి ఈ జిల్లాల పిల్లలకి చెప్పడానికి అంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. థర్మోకోల్ ముక్కతో చేసుకోవాల్సిందే.

విడి ముక్కలు అమ్మరు. ఎస్21 మరీ చిన్నది, పోయిందంటే పెట్టె మొత్తం మళ్లీ కొనాలి. బిల్లు మీద వారంలో మారుస్తామని ఉన్నా, అది సీలు విప్పని పెట్టెకే. కౌంటర్ దగ్గరే విప్పించి ముక్కలు లెక్కపెట్టుకోండి.